ఏటిగట్టు మీద ఏడుపు, చెరువు గట్టున మెరిసే కళ్ళు: గురువుగారికి ఇంటికి 1500 ఇవ్వాలా?

ఆయ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. ముందు నాకు అర్థమైంది చెప్తాను, తప్పుంటే సరిచెయ్యండి. మీది గౌతమి పక్కన ఐ.పోలవరం వైపు ఊరు. మూడు వారాల నుంచి రాత్రి పదకొండు దాటాక ఏటిగట్టు మీద ఎవరో ఆడమనిషి ఏడ్చినట్టు వినబడుతుంది. ఏడెనిమిది కోళ్ళు పోయాయి, ఒక మేకపిల్ల పోయింది. మీ బాబాయి రొయ్యల చెరువు గట్టున టార్చి వేస్తే కుక్క కంటే చిన్నది, పిల్లి కంటే పెద్దది, పచ్చగా మెరిసే కళ్ళతో ఒక నిమిషం చూసి, పరిగెత్తకుండా నెమ్మదిగా నీళ్ళలోకి దిగిపోయింది. దూరంగా లంక మీద ఆకాశం ఎర్రగా ఊగుతుంది. ఒక గురువుగారు ఊరికి అష్టదిగ్బంధనం, అంటే దెయ్యం రాకుండా ఎనిమిది దిక్కులా మంత్రకట్టు, చేస్తానన్నాడు, ఇంటికి 1500. మీ బాబాయేమో గురువూ వద్దు గాడిదగుడ్డూ వద్దు, చెరువు చుట్టూ కరెంటు తీగ లాగేస్తా అంటున్నాడు. ఏం చెయ్యమంటారు అని.

సూటిగా చెప్పేస్తాను. డబ్బులు ఇవ్వకండి. తీగ అస్సలు లాగనివ్వకండి. చెరువు దగ్గర చూసింది నూటికి తొంభై పాళ్ళు బావురు పిల్లి. ఏడుస్తున్నది అది కాదు, దాని సంగతి కింద చెప్తాను. మేకపిల్ల మాత్రం నా లెక్కలో కలవట్లేదు, అది పోయిన తరవాత వచ్చిన ఆదివారం ఎవరింట్లోంచి మసాలా వాసన వచ్చిందో ఒకసారి కనుక్కోండి.

ఇంత ధీమాగా చెప్పడానికి నేనెవర్ని అంటే, 1994 నుంచి ఇరవయ్యేడేళ్ళు ముమ్మిడివరం, కాట్రేనికోన, రాజోలు వైపు ఒక పేపరుకి కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. జీతం ఉండదు, అచ్చయిన వార్తని స్కేలు పెట్టి కొలిచి సెంటీమీటర్ల లెక్కన డబ్బులిస్తారు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మురుగు కాలవ పూడిపోయింది అని రాస్తే మూడు సెంటీమీటర్లు, అదే కాలవ గట్టు మీద తెల్లచీర కనబడింది అని రాస్తే ఫోటోతో కలిపి ఇరవై. మా పిల్లల స్కూలు ఫీజుల్లో కొన్ని దెయ్యాలు కట్టినవే, అబద్ధం చెప్పను.

ఇక పిల్లి. బావురు పిల్లి అని మనవాళ్ళు అడవిలో తిరిగే ప్రతి పిల్లినీ అంటారు కానీ నేను చెప్పేది చేపలు పట్టుకునే పిల్లి. ఇంటి పిల్లికి రెండింతల పైన ఉంటుంది, బూడిద రంగు ఒళ్ళు, దాని మీద వరసగా నల్ల మచ్చలు, పొట్టి కాళ్ళు, ఒంటికి సరిపోని పొట్టి తోక. కాలి వేళ్ళ మధ్య కొంచెం చర్మం ఉంటుంది. నీళ్ళంటే భయం లేదు, ఈదుతుంది, మునుగుతుంది. పిల్లి అనగానే నీళ్ళు చూసి పారిపోవాలి కదా అని మన బుర్రలో ఉంటుంది, ఇది చక్కగా చెరువులోకి దిగిపోతే చూసినవాడికి గుండె జారిపోతుంది, అక్కడే కథ పుడుతుంది. కోరింగ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, ఈ పిల్లులకి అది సొంతిల్లు, కెమెరాలు పెట్టి మరీ లెక్కలు తీశారు. అక్కణ్ణుంచి మీ ఊరు దానికెంత దూరమండీ, అన్నీ కాలవలే, పైగా మనం మడ కొట్టి చెరువులు తవ్వి అందులో చేపలూ రొయ్యలూ పోసి పెట్టాం. దాని దృష్టిలో అది పెళ్ళిభోజనం. చేపలు దొరకనప్పుడు కోడినీ వదలదు. కళ్ళు మెరవడం అంటారా, రాత్రి తిరిగే జంతువులకి చాలావాటికి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, టార్చి వెలుగు తగిలి వెనక్కొస్తుంది. మీ ఇంటి గేదె మీద వేసి చూడండి, అదీ దెయ్యంలాగే ఉంటుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా ఉద్యోగం కొత్తల్లో ఒక లంకలో ఇలాగే కోళ్ళు పోతుంటే నేను వెళ్ళి "లంకలో వింత మృగం?" అని హెడ్డింగు పెట్టి రాశాను. ఆ ప్రశ్నార్థకం చూశారా, అది మా రక్షణ కవచం, ఏం రాసినా చివర అది పెడితే మేం అన్నట్టు కాదు. పద్దెనిమిది సెంటీమీటర్లు వచ్చింది. నాలుగో రోజు పొద్దున్నే ఫోను, మృగాన్ని కొట్టేశాం రండి అని. వెళ్తే కొబ్బరి చెట్టు మొదట్లో తడి గోనెసంచి మీద పడుకోబెట్టారు. పిల్లి. కర్రల దెబ్బలకి దవడ ఊడిపోయింది. పక్కనే ఒక పిల్లాడు దాని కాలు పట్టుకుని వేళ్ళు విడదీసి "అంకుల్, బాతు కాలులాగుంది" అన్నాడు. ఆ కాలు ఇప్పటికీ గుర్తుంది. రెండో వార్త కూడా రాశాను లెండి, ఊరి సాహసం గురించి. అది ఇంకో పన్నెండు సెంటీమీటర్లు. తరవాత అటవీ శాఖలో ఒకాయన చెప్తే తెలిసింది, అది చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, చంపితే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా జైలు. కాబట్టి మీ ఊరి కుర్రాళ్ళెవరైనా కర్రలు తీస్తుంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఏడుపు. దీనికి నాకు ముగ్గురు అనుమానితులు ఉన్నారు. మొదటిది తీతువు పిట్ట. ఇసక తిన్నెల మీద, గట్టు మీద నేల మీదే గుడ్లు పెడుతుంది, రాత్రి మనిషి గానీ కుక్క గానీ దగ్గరకొస్తే ఊరంతా లేచేలా అరుస్తుంది. మన పెద్దోళ్ళు తీతువు అరిస్తే చావు కబురు వస్తుంది అంటారు. తమాషా ఏంటంటే ఇంగ్లీషు వాళ్ళకి అదే కూత "డిడ్ హీ డూ ఇట్" అన్నట్టు వినబడుతుందట, అంటే "వాడే చేశాడా" అని. మనకి చావు కబురు, వాళ్ళకి కేసు విచారణ, పాపం పిట్టకి మాత్రం దాని గుడ్ల గోల. రెండోది నక్క. మడ అడవి అంచున నక్కలు బాగానే ఉన్నాయి, చలికాలంలో ఒకటి మొదలెడితే నాలుగు అందుకుంటాయి, దూరం నుంచి గాలికి వింటే అచ్చం శవం లేచిన ఇంట్లో ఏడుపే. మూడోది తెల్లగూబ. మొహం హృదయాకారంలో తెల్లగా ఉంటుంది, అది కూయదు, గీ పెడుతుంది. 2017లో విశాఖపట్నంలో ఒక కట్టుబడి జరిగేచోట మూడు గూబ పిల్లలు దొరికితే ఆ వీడియో చూసి దేశమంతా గ్రహాంతరవాసులు దిగారు అనుకున్నారు, బొచ్చు సరిగ్గా రాని పిల్లలు నిలబడి చూస్తున్నాయంతే. మీ ఏడుపు ఆగి ఆగి తెగితే తీతువు, సాగి సాగి గుంపుగా వస్తే నక్క, ఒక్కసారి గుండె ఆగేలా వచ్చి మళ్ళీ అరగంట లేకపోతే గూబ. ఫోన్లో రికార్డు చేసి వినిపించండి, చెప్తాను.

"నాలుగేళ్ళ కిందట రేవులో మునిగిపోయినావిడే ఏడుస్తోంది" అని ఊళ్ళో అంటున్నారని రాశారు. దయచేసి ఈ మాట ఆ ఇంటివాళ్ళ చెవిన పడకుండా చూడండి. 1996 నవంబరు 6 తుఫాను తరవాత నాకు ఆర్నెల్లపాటు మా మండలాల్లో ఒక్క దెయ్యం వార్త రాలేదు. ఆఫీసు నుంచి అడిగారు కూడా, ఇన్ని చావులు జరిగాయి కదా ఏమైనా కథలు ఉంటాయే అని. లేవు. నిజంగా శవాలు మోసిన ఊళ్ళో దెయ్యం గురించి మాట్లాడడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఆకాశం ఎర్రగా ఊగడం మీరు అసలు అడక్కపోయినా బాగుండేది, కోనసీమలో పుట్టి కూడా! గ్యాస్ బావి దగ్గర మిగులు గ్యాసు మండిస్తారండి, మబ్బు కిందకి ఉన్న రోజు ఆ వెలుగు మబ్బుకి తగిలి పది ఊళ్ళ దాకా కనబడుతుంది. మా నాయనమ్మ చిన్నప్పుడు కొరివి దెయ్యం కథలు చెప్పేది, నెత్తి మీద నిప్పు పెట్టుకుని పొలాల్లో తిరుగుతుందని. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి తన్నుకొచ్చి, అంటుకుంది, ఆర్పడానికి రెండు నెలల పైన పట్టింది, ఆ రోజుల్లో రాత్రిపూట దీపం లేకుండా మా వీధిలో పేకాడుకునేవాళ్ళు. అది చూసి మా నాయనమ్మ "ఇంత దాన్ని చూశాక ఆ చిన్నదాని కథ చెప్పడానికి సిగ్గుగా ఉందిరా" అని కొరివి దెయ్యాన్ని రిటైర్ చేసేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను వెళ్ళి చూసిన దెయ్యాల కేసులు రెండు రకాలు. ఒకటి జంతువు, అంటే మీది. రెండోది వ్యాపారం. మొదటి రకానికి కోళ్ళు కావాలి, రెండోదానికి మీరు రాత్రిపూట బయటకి రాకుండా ఉండడం కావాలి.

1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు కదా, 1997లో ఎత్తేసేదాకా మా వైపు ఏం జరిగిందో మీకు మీ నాన్నగారు చెప్పే ఉంటారు. ఏటికి అవతల యానాం. అది పుదుచ్చేరి, అక్కడ నిషేధం లేదు. అప్పటికి వంతెన కూడా లేదు, పంటు మీద, అంటే బల్లకట్టు మీద, దాటాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇవతలి గట్టు మీద ఒక రేవు దగ్గర తెల్లచీర దెయ్యం వెలిసింది. వారంలో మూడు రోజులు మాత్రమే వచ్చేది, సెలవులు పాటించే దెయ్యం. జనం సాయంత్రం ఏడు తరవాత పుంత దారిలోకి వెళ్ళడం మానేశారు. నేను రాశాను, ఇరవై రెండు సెంటీమీటర్లు, నా జీవితంలో పెద్ద వార్తల్లో ఒకటి. ఒకరోజు పొద్దున్నే మా పక్కింటి కొబ్బరి దింపు తీసే ఆయన నన్ను తీసుకెళ్ళి బురదలో జాడలు చూపించాడు. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా, ఆ జాడలు నిజంగానే ఏటివైపు తిరిగి ఉన్నాయి, నాకు వెన్ను జలదరించింది. ఆయన కూర్చుని వేలితో గీసి చూపించాడు, "బాబూ, ఇవి హవాయి చెప్పులండి, మడమ దగ్గర లోతు లేదు, వేళ్ళ దగ్గర ఉంది, చెప్పుని తిరగేసి తాడుతో కట్టుకున్నాడండి ఎదవ". పక్కనే తుప్పల్లో సీసాలు విరిగిన పెట్టె. ఎక్సైజు వాళ్ళకి చెప్పాం, తరవాతి వారం దెయ్యం లుంగీలో దొరికింది. ఆ వార్తకి మాత్రం నాకు ఐదు సెంటీమీటర్లే వచ్చింది, దెయ్యం దొరికిపోతే పాఠకులకి ఆసక్తి ఉండదట.

గురువుగారి లెక్క. మీ ఊళ్ళో నూట నలభై గడప అన్నారు, 1500 చొప్పున రెండు లక్షల పదివేలు. సామాను ఏంటి, ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది మేకులు, ఓ బుట్ట నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయలు, పసుపు కుంకుమ, మహా అయితే మూడు వేలు. అయినా పని చేస్తుంది చూడండి, అదే దీని గొప్పతనం. ఎలా అంటే, పూజ అయ్యాక ఆయన రెండు నియమాలు పెడతాడు, నలభై ఒక్క రోజులు దీపాలు పెట్టాక ఎవరూ గట్టు మీదకి వెళ్ళకూడదు, ఇంట్లో ప్రాణం ఉన్నదేదీ రాత్రి బయట ఉండకూడదు. కోళ్ళన్నీ గూట్లో ఉంటాయి, కాబట్టి పోవు. మనుషులు గట్టు మీదకి వెళ్ళరు, కాబట్టి ఎవరికీ ఏదీ కనబడదు. నలభై రెండో రోజు దెయ్యం పోయింది అని ఊరేగింపు. ఆ రెండు నియమాలూ నేను మీకు ఉచితంగా ఇస్తున్నాను, వాడుకోండి.

డబ్బు పోతే పోయింది అనుకునే రకమైతే ఒక మాట. ఇలాంటివాళ్ళు ఊళ్ళో దిగాక దిగ్బంధనంతో ఆపరు, ఎవరింట్లో డబ్బుందో చూసుకుని రెండో సరుకు తీస్తారు. గుప్తనిధి, రెండు తలల పాము, లేదంటే రైస్ పుల్లింగ్ చెంబు. నాకు తెలిసిన ఒక కొబ్బరి వ్యాపారికి పిడుగు పడిన రాగి చెంబు, బియ్యాన్ని లాగుతుంది, ఇందులో ఇరీడియం ఉంది, నాసా వాళ్ళు కోట్లిచ్చి కొంటారు అని చెప్పి పద్నాలుగు లక్షలు తీసుకెళ్ళారు. చెంబు అడుగున అయస్కాంతం, బియ్యానికి ఇనప పొడి. పరీక్షించడానికి వచ్చిన శాస్త్రవేత్తలు రెయిన్‌కోట్లు, హెల్మెట్లు వేసుకొచ్చారు, ఎండాకాలంలో. ఆయన పోలీసు కంప్లయింటు ఇవ్వలేదు, నన్ను రాయొద్దని బతిమాలాడు, అంతా అయ్యాక గొంతు తగ్గించి "మరి ఆ చెంబు నా దగ్గరే ఉందండి, ఏమైనా వస్తాదంటారా" అని అడిగాడు. వచ్చిందండి, పాత సామాన్లాయన తూకం వేసి మూడొందల నలభై ఇచ్చాడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఏలూరు కేసు తెలిసాక నాకు ఈ గురువుల మీద నవ్వు తగ్గిపోయింది. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా ఇరవై నెలల్లో, కృష్ణా, రెండు గోదావరి జిల్లాల్లో పది మంది చనిపోయారు. పోలీసులు చెప్పిన ప్రకారం ఒకడు ఇదే రైస్ పుల్లింగ్ నాణెం, గుప్తనిధులు, మందులు అని ఆశపెట్టి డబ్బూ బంగారం తెప్పించుకుని, చేతిలో ప్రసాదం పెట్టేవాడు. అందులో సైనైడ్. చాలా చావులు గుండెపోటు కింద పోయాయి, అనుమానమే రాలేదు, చివరి కేసులో ఇంట్లోంచి తీసుకెళ్ళిన డబ్బు, బంగారం ఏమైంది అని ఇంటివాళ్ళు పట్టుబడితే అప్పుడు కదిలింది. నవంబరులో అరెస్టు చేశారు. మీ గురువుగారు హంతకుడని నేను అనట్లేదు, ఆయన ఉత్త నిమ్మకాయల వ్యాపారే అయ్యుంటాడు. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలోంచి ఏదైనా నోట్లో వేసుకునే ముందు ఈ పేరా గుర్తుచేసుకోండి.

అలాగని వింతగా ఉన్న ప్రతిదీ ఉత్తిదే అని కొట్టిపారెయ్యకండి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోతుంటే మొదటి రోజు నాకు ఫోన్లో చెప్పినవాడితో "భయంతో పడిపోతున్నారులే" అన్నాను. వందల మంది పడ్డారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో చిరుత అంటే కూడా ముందు నవ్వాను, నిజంగానే చిరుత, తరవాత కడియం నర్సరీల్లోకి వచ్చింది, మొక్కలు కొనుక్కోడానికి వచ్చిందా అని అందరం జోకులేసుకున్నాం. ఆ వారం నాకు ఒక్క రోజులో పదకొండు ఫోన్లు, మా ఊళ్ళో కూడా చిరుత అని, వాటిలో ఆరు కుక్కలు, నాలుగు పిల్లులు, ఒకటి మచ్చల దుప్పటి ఆరేసింది.

రాత్రి గస్తీ తిరుగుతాం అని కూడా రాశారు. తిరిగితే చేతిలో టార్చి చాలు, కర్ర వద్దు. 2018 మేలో వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠా అని పుకారు తిరిగినప్పుడు ఒక ఊళ్ళో మతి స్థిమితం లేని ఒకాయన్ని స్తంభానికి కట్టేసి ఉండగా నేను వెళ్ళాను. ఆయన బ్యాగులో చంటిపిల్లల శవాలు ఉన్నాయన్నారు. ఉన్నది రెండు పాత చొక్కాలు, ఒక రేడియో. పోలీసులు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆయన ఉండేవాడు కాదు.

ఇక తీగ. మీరు రాసినదాంట్లో నాకు నిజంగా భయం వేసింది ఈ ఒక్క వాక్యానికే, మీరేమో దాన్ని చివర్లో మామూలుగా రాసేశారు. మా వైపు ఒకాయన నీటి కుక్కలు చేపలు తినేస్తున్నాయని చెరువు చుట్టూ తీగ లాగి రాత్రిపూట కరెంటు ఇచ్చేవాడు. పొద్దున్నే ఐదింటికి తనే వచ్చి స్విచ్చి తీసేసేవాడు. ఒకరోజు జ్వరం వచ్చి లేవలేదు. అన్నయ్య రాలేదేంటి, నేనే మేత వేసేస్తా అని తమ్ముడు వచ్చాడు. నేను వెళ్ళేసరికి ఆ తమ్ముడి చెప్పు ఒకటి గట్టు మీద, ఒకటి నీళ్ళలో. నరహత్య కేసు పెట్టారు, అన్న జైలుకి వెళ్ళాడు, చెరువు అమ్మేశారు. నీటి కుక్కలు ఇప్పటికీ వస్తున్నాయి. ఆ వార్తకి నాకు నాలుగు సెంటీమీటర్లు వచ్చింది.

అందుకని మీరు ఇవ్వాళ చెయ్యాల్సింది ఇది. తీగ లాగి ఉంటే చీకటి పడకముందే తీయించండి, మీ బాబాయి వినకపోతే నాకు ఫోనులో ఇవ్వండి నేను మాట్లాడతాను. చెరువు గట్టున రెండు మూడు చోట్ల మెత్తటి తడి మట్టి పరిచి నున్నగా చదును చేసి పెట్టండి. పొద్దున్నే చూస్తే గుండ్రటి జాడ, నాలుగు వేళ్ళు ఉంటే పిల్లి. మామూలుగా పిల్లి గోళ్ళు నేల మీద పడవు అంటారు గానీ దీనికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు, అప్పుడప్పుడు పడతాయి, అది చూసి కుక్క అనుకోకండి. ఐదు వేళ్ళు, మధ్యలో చర్మం అచ్చు పడితే నీటి కుక్క. కోళ్ళని చీకటి పడకుండా గూట్లో పెట్టి, తలుపుకి గుడ్డపీలిక కాదు, గొళ్ళెం పెట్టండి. అటవీ శాఖ వాళ్ళకి ఒక కాగితం రాసి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి.

జాడ దొరికితే పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీసి పెట్టండి, సైజు తెలియాలి. జాడ గనక హవాయి చెప్పుదైతే ఎవరికీ చెప్పకుండా ముందు నాకు చెప్పండి.